గొర్రెలగుట్ట మీది యాభయ్యో డబ్బా

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లోవాళ్లు అంటారు. నార్కట్‌పల్లి చౌరస్తాలో నా జిరాక్స్ దుకాణానికి వచ్చే గిరాకీలు అంటారు. పక్కన చాయ్ బండి దుర్గయ్య అయితే రోజూ అంటాడు, అదీ నవ్వుతూ. నేను మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. ఎదుటివాడు తప్పు చేస్తే ముఖం మీదే అడగడం కోపం ఎలా అవుతుందని నా వాదన. తాజుద్దీన్‌తో ఆరేళ్లు మాట్లాడకపోవడం కూడా కోపం కాదనీ, న్యాయమనీ నమ్ముకుని బతికాను.

మొన్న అక్టోబరులో ఒక శనివారం పొద్దున షట్టర్ ఎత్తి, మిషన్ వేడెక్కేలోపు చాయ్ తాగుతుంటే దుకాణం ముందు చిన్న కారు ఒకటి ఆగింది. అందులోంచి దిగిన ఆమె సలాం కూడా చెప్పకుండా కౌంటర్ మీద ఒక వస్తువు పెట్టింది. పసుపు రంగుది, అరచేతిలో ఇమిడేంతది, మూలలు అరిగిపోయి నల్లబడింది. చేతి జీపీఎస్. వెనక్కి తిప్పి చూశాను. టేపు పీకేసిన మరక నలుచదరంగా ఉంది.

"గుర్తు పట్టినవా చాచా?"

వస్తువును ముందు గుర్తుపట్టాను, ఆ తర్వాతే మనిషిని. జేబా. తాజుద్దీన్ కూతురు. ఈమె పెళ్లిలోనే నేను అన్నం ముట్టకుండా వచ్చేశాను.

"మీ నాయిన పంపిండా?" అన్నాను. నా గొంతు నాకే కరకుగా వినిపించింది.

"పంపలే. గొర్రెలగుట్ట సోమవారం కొడ్తున్నరు. గ్రానైటోళ్లకు లీజుకిచ్చిన్రు. అబ్బాకు మోకాళ్లు పోయినయ్, ఎక్కలేడు. డబ్బా యాడ పెట్టినవో చెప్పు నేను తెస్త అంటే చెప్తలేడు. నంబర్లు మిషిన్ల ఉన్నయ్, మిగిలింది విజేందర్‌కు తెలుసు అంటడు. అంతే, ఇంకో మాట లేదు."

"అక్కడ డబ్బా లేదు బిడ్డా," అన్నాను. "ఎన్నడూ లేదు."

జేబా నా కళ్లలోకి చూసింది. స్కూల్లో పిల్లలకు లెక్కలు చెబుతుందట, ఆ చూపు అక్కడిదే. "లేకుంటే మా అబ్బా ఏటేటా సీతాఫలాల దినాలల్ల గా గుట్టకు ఎందుకు పోయిండు చాచా?"

షట్టర్ దించి, తాళం చెవి దుర్గయ్యకిచ్చి కారెక్కాను.

తెలంగాణ వచ్చిన మరుసటేడు చెరువులూ కుంటలూ లెక్కగట్టే పనికి ఒక ఏజెన్సీవాళ్లు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు కలిపి పదిమందిని పెట్టుకున్నారు. కాగితం మీద ఉన్న చెరువు నేల మీద ఉందో లేదో చూడాలి. ఉంటే కట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, తూము ఏది, అలుగు ఏది, ప్రతి చోటా నిలబడి జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోవాలి. ఆ పదిమందిలో కంప్యూటర్ ముట్టినవాణ్ని నేనొక్కణ్నే. వారం తిరక్కుండా అందరూ నన్ను మాస్టర్ అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాకెంత తీపిగా ఉండేదో ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది.

మొదటి వారమే మా మిషన్లు చూపించే నంబర్లకూ, ఆఫీసు గోడ మీది పాత మ్యాపుకూ పొంతన కుదరలేదు. ఇంజనీరు సారు తల పట్టుకున్నాడు. నేను రెండు దినాలు కూర్చుని, మిషన్ లోపల ఒక సెట్టింగు పట్టుకుని, దాన్ని ఆ పాత మ్యాపు లెక్కకు మార్చాను. అన్నీ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. పది మిషన్లకూ అదే పెట్టి, ప్రతి దాని వెనకా దవాఖానలో కట్టు కట్టే తెల్లటేపు అతికించి, దాని మీద ఎర్ర సిరాతో రాశాను: "సెట్టింగు ముట్టకు – విజేందర్." ఎందుకు ముట్టొద్దో చెప్పలేదు. అన్నీ చెప్పేస్తే ఇక మాస్టర్‌గిరీ ఏం మిగులుతుంది?

నాకు జోడీగా పడ్డవాడు తాజుద్దీన్. నారాయణపేటలో నూలుకు రంగులద్దే ఇంటి మనిషి. గోళ్ల చుట్టూ ఎప్పుడూ ఎరుపో ఆకుపచ్చో ఉండేది. ఇద్దరికీ నలభై ఐదు దాటాయి. ఇద్దరికీ ఒకే బండి. రెండున్నరేళ్లు ఆ బండి మీద తిరిగినంతగా నేను నా పెళ్లాంతో కూడా తిరగలేదు. ఆయన టిఫిన్‌లో జొన్నరొట్టె, నా టిఫిన్‌లో పచ్చిపులుసు. ఏ కట్ట మీద నీడ దొరికితే అక్కడ రెండూ ఒకటయ్యేవి.

ఊళ్లోకి పోతే చాలు, జనం చుట్టూ మూగేవారు. మా చేతిలోది నీళ్లు కనిపెట్టే మిషనని వాళ్ల నమ్మకం. ఒక అవ్వ అయితే తాజుద్దీన్ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నా చేన్ల బోరు యాడెయ్యాల్నో చూపెట్టు కొడుకా."

"అవ్వా, ఇది నీళ్లు చూపియ్యదు. నేను యాడున్ననో చూపిస్తది."

అవ్వ ఆయన్ని కింది నుంచి పై దాకా చూసింది. "నువ్వు గీడనే ఉన్నవు గద. దానికి మిషినెందుకు?"

ఆ మాటకు తాజుద్దీన్ బండి నడపలేనంతగా నవ్వాడు. ఆ తర్వాత ఏడాది పాటు, నేను తెలివి చూపించినప్పుడల్లా "నువ్వు గీడనే ఉన్నవు గద" అనేవాడు.

డబ్బాల ఆట మాకు భువనగిరిలో అంటుకుంది. ఒక ఆదివారం ఉత్తపుణ్యానికి ఖిల్లా ఎక్కాం. సగం దారిలో ఒక పిలగాడు, హైదరాబాద్ ఉద్యోగి మాదిరున్నాడు, మా మిషన్ లాంటిదే పట్టుకుని రాళ్ల సందుల్లో తల దూర్చి వెతుకుతున్నాడు. మేము వాణ్ని ముందు గుప్తనిధుల దొంగ అనుకున్నాం. నేను నిలదీశాను కూడా. వాడు నవ్వి, సందులోంచి బొటనవేలంత డబ్బీ తీసి, లోపల చుట్టి ఉన్న కాగితం మీద పేరూ తారీఖూ రాసి, మళ్లీ అక్కడే పెట్టేశాడు. ఇదొక ఆటట. ఒకరు దాచి నంబర్లు చెబుతారట, ఇంకొకరు వెతికి పేరు రాసుకుని పోతారట. దేశదేశాల్లో ఆడుతున్నారట.

"మేము జీతానికి తిరుగుతుంటే నువ్వు ఉత్తగనే తిరుగుతున్నవా?" అన్నాడు తాజుద్దీన్, వాడి మీద నిజంగా జాలిపడి.

వారం గడవకముందే మేమూ మొదలుపెట్టాం. వెబ్‌సైటుకు ఎక్కించేంత ఇంగ్లిషు మాకు లేదు. మా ఆట మా ఇద్దరిదే. ఒకడు దాచి చీటీ మీద నంబర్లు రాసిస్తే రెండోవాడు వెతకాలి. నా మొదటి డబ్బా మా నాయన వాడిన సున్నపుకాయ. నర్రెంక చెరువు తూము పక్క రాతి సందులో పెట్టాను. తాజుద్దీన్ పావుగంటలో తీశాడు. ఆయన మొదటిది నాకు మూడు గంటలు పట్టింది. ఎందుకంటే నేను తలెత్తకుండా మిషన్ బాణాన్నే చూసుకుంటూ పోయి తుమ్మకంపలో పడ్డాను.

ఆడుతూ ఆడుతూ నేర్చుకున్నాం. పెద్ద బండ కింద నిలబడితే మిషన్ అబద్ధాలు చెబుతుంది, ఆకాశం కనబడే చోటికి జరిగి పది నిమిషాలు ఓపిక పట్టాలి. ఆఖరి పది అడుగుల్లో మిషన్ జేబులో పెట్టుకుని కళ్లతో వెతకాలి. ఎండిన చోట పచ్చిగా ఉన్న రాయి, ఒంటరిగా తలకిందులుగా పడ్డ రాయి, అదే మనిషి చెయ్యి పడ్డ జాగా. పెన్ను పెడితే మొదటి వానకే అక్షరాలు కారిపోతాయి, పెన్సిలే పెట్టాలి. తినేది పెడితే చీమలు, ప్లాస్టిక్ పెడితే కోతులు. అందుకే తాజుద్దీన్ స్టీలు టిఫిన్‌కు మారాడు. మూత చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్క బిగించేవాడు, చుక్క నీరు పోయేది కాదు. ఇంకో మాట కూడా ఆయనే అనేవాడు: డబ్బా పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు, పెట్టినవాడు ఏడాదికొకసారైనా వచ్చి చూసుకోవాలె, అది మన జిమ్మ, మన పూచీ.

రెండున్నరేళ్లలో ఇద్దరివీ కలిపి నలభై తొమ్మిది డబ్బాలు. నా జీవితంలో అంత మంచి రోజులు మళ్లీ రాలేదు. ఈ మాట నా ఇంట్లోవాళ్ల ముందు అననుగానీ, నిజం.

పని అయిపోయింది. ఏజెన్సీవాళ్లు మూలన పడేసిన మిషన్లను అడిగి తెచ్చుకున్నాం. నాది ఆరు నెలలకే మూసీ కాలువలో పడింది. నేను కొత్త ఫోను కొన్నాను. అందులోనే జీపీఎస్ ఉంది కదా, ఇంకా ఆ డబ్బా మిషన్ ఎందుకని తాజుద్దీన్‌ను ఆటపట్టించాను కూడా.

2018 మే నెలలో జేబా పెళ్లి. కార్డు ఇవ్వడానికి తాజుద్దీన్ స్వయంగా నార్కట్‌పల్లి వచ్చాడు. కార్డు వెనక ఆయన చేతిరాత: "యాభయ్యోది. గొర్రెలగుట్ట. పెండ్లి లోపల తీసి, లోపలున్నది తీసుకొని రా. లేకుంటే దర్వాజలకు రానియ్య." కింద నంబర్లు.

దేవరకొండ దాటి కల్వకుర్తి దిక్కు పోతే వస్తుంది ఆ గుట్ట. మే నెల ఎండలో మూడు దినాలు వెతికాను. ఫోను చూపించిన చోట ఒక పెద్ద బండ పరుపు, చుట్టూ గుండ్లు. ప్రతి సందులో చెయ్యి పెట్టాను. మూడోనాడు వడదెబ్బ తగిలి కల్వకుర్తి దవాఖానలో సెలైన్ ఎక్కించుకున్నాను. డబ్బా లేదు.

పెళ్లికి పోయాను, ఖాళీ చేతులతో. మా పాత పదిమందీ వచ్చారు, ఇంజనీరు సారు కూడా వచ్చాడు. ఎవడో "ఏం మాస్టర్, దొరికిందా?" అన్నాడు, అందరూ నవ్వారు. నాకు తలకెక్కింది. షాదీఖానాలో అందరి నడుమ ఫోను తెరిచి తాజుద్దీన్ ముఖం ముందు పెట్టి అరిచాను. "ఇవి నువ్విచ్చిన నంబర్లే, ఇది నువ్వు చెప్పిన జాగానే. డబ్బా పెట్టకుండ పెట్టిన అని చెప్పి నన్ను ఎండల చంపుదామనుకున్నవా? బిడ్డ పెండ్లి పేరుతోని అబద్ధమాడ్తవా?"

తాజుద్దీన్ ఫోను చూశాడు. నా వైపు చూశాడు. నా వెనక నిలబడ్డ అందరినీ చూశాడు. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. ఆ మౌనాన్ని నేను తప్పు ఒప్పుకోవడమే అనుకున్నాను. దస్తర్ఖాన్ పరిచి వడ్డిస్తున్నారు. ఆయన భార్య మెహరాజ్ వదిన ఎదురొచ్చి "అన్నా, కూసో" అన్నది. ఆమెను దాటుకుని బయటికి వచ్చేశాను. తర్వాత ఆయన నంబరు ఫోనులో రాకుండా చేసుకున్నాను.

ఇదంతా నేను జేబాకు చెప్పలేదు. ఆమెకు తెలుసు. దేవరకొండ దాటాక ఆమే అన్నది: "నువ్వు తినకుండ పోయినంక మా అమ్మ మూడు దినాలు నీ ముచ్చటనే చెప్పుకుంట ఏడ్చింది చాచా. నా అప్పగింతలకు గూడ గంత ఏడ్వలే." నేను కిటికీలోంచి ఆముదపు చేలు చూస్తూ కూర్చున్నాను.

గుట్ట కింద ఎర్ర జెండాలు పాతి ఉన్నాయి. బండల మీద తెల్ల సున్నంతో గీతలు, అంకెలు. యంత్రాలు వచ్చి ఆగి ఉన్నాయి, మనుషులు లేరు. తాజుద్దీన్ మిషన్ ఆన్ అయితే అవుతుంది, పాత జాబితా చూపిస్తుంది, కానీ ఉపగ్రహాలను పట్టే శక్తి దానికి పోయింది. అందుకని జేబా అందులోని యాభయ్యో నంబర్లు చూసి తన ఫోనులో కొట్టింది. సీతాఫలం చెట్ల నడుమ నుంచి ఎక్కాం. కాయలు కళ్లు తెరిచి ఉన్నాయి. కోసేవాళ్లు లేక కొన్ని రాలిపోయాయి.

ఫోను ఆగమన్న చోట ఆగాం. అదే బండ పరుపు. అవే గుండ్లు.

"చూసినవా? గిదే జాగా. ఆరేండ్ల కింద ఇక్కడ్నే మూడు దినాలు దేవులాడిన," అన్నాను. ఆరేళ్లుగా నాదే న్యాయం అనుకున్నది ఆ బండ మీద మళ్లీ రుజువైనట్టు అనిపించింది. ఆశ్చర్యమేమంటే నాకు సంతోషం కలగలేదు. లోపల ఎక్కడో, ఈసారి డబ్బా దొరకాలనే ఉంది.

గంటసేపు వెతికాం. జేబా బండ మీద కూర్చుని నీళ్లు తాగింది. ఏదో ఆలోచిస్తోంది.

"చాచా, ఒకటి అడుగుత, కోపానికి రావద్దు. మా ఈద్గా గోడ ఎనక ఒక డబ్బా ఉంటది, అబ్బా నా ముంగట్నే పెట్టిండు. మొన్న దాని నంబర్లు గూడ ఫోన్ల కొట్టి చూసిన. ఫోను నన్ను ఆముదపు చేన్లకు తీస్కపోయింది. అసలు జాగా అక్కడ్నించి నూట తొంభై మీటర్లు ఉన్నది. చెరువు తూము కాడిది గూడ గట్లనే అయింది. నూట తొంభై."

"దిక్కు?" అన్నాను.

"రెండుసార్లు ఒక్కటే దిక్కు. ఖిబ్లాకు ముఖం పెట్టి నిలబడితే డబ్బా జర కుడిచేతి మీదికి."

ఒక డబ్బా తప్పితే దాచినవాడి తప్పు. అన్నీ ఒకే దిక్కుకు, ఒకే దూరం తప్పితే అది దాచినవాడి తప్పు కాదు. అది లెక్క తప్పు. రెండు లెక్కల నడుమ తేడా.

నేను బండ మీద కూర్చుండిపోయాను. మిషన్ వెనకున్న ఆ నలుచదరపు మరక కళ్ల ముందు నిలబడింది. ఆఫీసు మ్యాపు బ్రిటిషువాళ్ల నాటి కొలతది. భూమిని వాళ్లు ఒక లెక్క నుంచి మొదలుపెట్టి కొలిస్తే, ఈనాటి ఉపగ్రహాలు ఇంకో లెక్క నుంచి కొలుస్తాయి. అవే నంబర్లు ఒక లెక్కలో ఒక చోటు, రెండో లెక్కలో ఇంకో చోటు. పది మిషన్లనూ పాత లెక్కకు మార్చింది నేను. ముట్టకు అని రాసి అతికించింది నేను. ఇద్దరి చేతిలో అవే మిషన్లు ఉన్నన్నాళ్లూ ఇద్దరం ఒకే తప్పులో ఉన్నాం, అందుకే నలభై తొమ్మిదీ దొరికాయి. నేను ఫోనుకు మారాను. తాజుద్దీన్ మారలేదు. మాస్టర్ ముట్టకు అన్నాడని ఆయన ఆ సెట్టింగు ముట్టలేదు.

"ఏమైంది చాచా?"

మిషన్‌దే తప్పు అందామని నోటిదాకా వచ్చింది. ఆమె లెక్కల టీచరు, నమ్మేదో లేదో. కానీ అనలేకపోయాను.

"తప్పు నాది బిడ్డా," అన్నాను. యాభై ఏళ్లు దాటిన జీవితంలో ఆ మాట అన్నట్టు నాకు గుర్తు లేదు. "మీ నాయిన సరింగనే పెట్టిండు. నేనే ఆయన మిషిన్‌ను చెడగొట్టి, ఆయన్ని అబద్ధాలకోరన్న."

జేబా లేచి నిలబడి, చెయ్యి చాచి, నమాజుకు నిలబడే దిక్కుకు తిరిగింది. తర్వాత కొంచెం కుడికి జరిగింది. "గిటు," అన్నది.

సర్వే రోజుల్లో నాకు అంగల లెక్క అలవాటు. నూట తొంభై మీటర్లకు నావి రెండు వందల యాభై అంగలు. ముళ్లూ గుండ్లూ తప్పించుకుంటూ, తప్పించినవి లెక్కలోంచి తీసేస్తూ నడిచాను. జేబా వెనక నుంచి దిక్కు సరిచేస్తూ వచ్చింది. రెండు వందల ముప్పై దగ్గర రెండు గుండ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. వాటి మొదట్లో ఒక చదునైన రాయి, తలకిందులుగా. పైన ఉండాల్సిన నాచు కింద ఉంది. మిషన్ జేబులో పెట్టుకుని కళ్లతో వెతకాల్సిన ఆఖరి పది అడుగులు అవే.

రాయి లేపితే స్టీలు టిఫిన్. మూత చుట్టూ సైకిల్ ట్యూబు.

మూత జేబానే తీసింది. పైన ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిల్. దాని కింద ప్లాస్టిక్ కవర్లో మడిచిన కండువా, ముదురు ఎరుపు, నారాయణపేట అంచుది. మగ్గం మీద నేయించింది. జేబా దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గిది నా పెండ్లిది చాచా. పెండ్లికొడుకు బారాత్‌కు దర్వాజల ఎదురు నిలబడేటోళ్లకు అబ్బా మూడు నేయించిండు. ఒకటి ఆయన ఏసుకున్నడు, ఒకటి మా పెద్దనాయిన. మూడోది ఎవరికని అడిగితే పెండ్లిపిల్ల చాచాకు అన్నడు."

షాదీఖానాలో ఆయన భుజం మీద ఎర్ర కండువా ఉన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు చూశాను, కానీ పట్టించుకోలేదు. కార్డు వెనక "దర్వాజలకు రానియ్య" అని ఎందుకు రాశాడో అప్పుడు తెలిసింది. నన్ను ఆయన దర్వాజా దగ్గర తన పక్కన నిలబెట్టుకుందామనుకున్నాడు. నేను అదే దర్వాజా దాటి తిట్టుకుంటూ పోయాను.

నోటుబుక్కు తెరిచాను. మొదటి పేజీలో నా పేరు రాసుకోవడానికి ఖాళీ వదిలాడు. రెండో పేజీ నుంచి ఆయన రాత.

"2018 జూన్ 9. డబ్బా భద్రం. పక్కింటి పిలగాని ఫోను అడుక్కొచ్చి చూసిన. నూట తొంభై మీటర్లు అవతల చూపిస్తాంది. ఎందుకో సమజైంది. మిషిన్ ఎనక టేపు పీకి ఈ బుక్కులనే పెట్టిన. విజేందర్ వస్తే చదువుకుంటడు."

"2019 అక్టోబర్. భద్రం. సీతాఫలాలు మస్తుగ కాసినయ్. ఆయన రాలే."

"2020. ముఖానికి గుడ్డ కట్టుకొని వచ్చిన. భద్రం. ఆయన రాలే."

2021లో పెన్సిల్ మార్చానని రాశాడు. 2022లో ట్యూబు మార్చానని. ఆఖరిది కిందటేటిది, అక్షరాలు వంకరగా ఉన్నాయి. "ఎక్కెతందుకు మూడు గంటలు పట్టింది. మోకాళ్లు ఇంక వద్దంటున్నయ్. ఇదే ఆఖరు. ఇంక నువ్వే రావాలె."

నోటుబుక్కు అట్ట లోపల తెల్లటేపు ముక్క అతికించి ఉంది. ఎర్ర సిరా వెలిసిపోయింది గానీ చదవడానికి వస్తోంది. సెట్టింగు ముట్టకు – విజేందర్.

నేను ఏడ్చాను. జేబా ముందు, ఆ తెల్ల గీతల నడుమ, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆమె నాలుగు సీతాఫలాలు కోసుకొచ్చి నా పక్కన పెట్టింది. "పోదాం పా చాచా. మాపటికి ఇంట్ల ఉంటం."

నారాయణపేట చేరేసరికి దీపాలు పెట్టారు. వాకిట్లో రంగులద్దిన నూలు కట్టలు దండేల మీద ఆరుతున్నాయి. తాజుద్దీన్ కుర్చీలో కూర్చుని, పైజామా మోకాళ్ల దాకా ఎత్తుకుని నూనె రాసుకుంటున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. గోళ్ల చుట్టూ మాత్రం ఇంకా ఎరుపే. జేబా లోపలికి పోయింది. నేను కండువా భుజాన వేసుకుని దర్వాజా దగ్గరే నిలబడ్డాను.

ఆయన తలెత్తి చూశాడు. కండువానే చాలాసేపు చూశాడు.

"ఎవలు?" అన్నాడు.

"పెండ్లిపిల్ల చాచాను. బారాత్‌కు ఎదురు నిలబడ రమ్మన్నరు."

"బారాత్ వచ్చి పోయి ఆరేండ్లాయె."

"తొవ్వ తప్పిన."

"ఎవలు చెప్పిన తొవ్వ?"

"నేను చెప్పిందే," అన్నాను.

తాజుద్దీన్ నూనె చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. నాకు ఆగలేదు. "నాడే షాదీఖానల చెప్పచ్చు గదా. ఫోను చూడంగనే నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది. అందరు నిన్ను మాస్టర్, మాస్టర్ అంటుండ్రి. ఇంజనీరు సారు గూడ ఉండె. నీ తప్పు గంతమంది ముంగట నేనెట్ల చెప్త?"

"తర్వాతన్న ఫోన్ జెయ్యద్దా?"

"నువ్వు ఎత్తినవా?"

ఆయన కుర్చీ పట్టుకుని మెల్లగా లేవబోయాడు. నేను పోయి జబ్బ కింద చెయ్యి వేశాను. ఆయన బరువు నా మీద వేసి నిలబడ్డాడు.

లోపల మెహరాజ్ వదిన దస్తర్ఖాన్ పరిచింది. నన్ను చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కూర్చున్నాక తాజుద్దీన్ చెయ్యి చాచాడు. "బుక్కు ఏది? పేరు రాసినవా?"

రాయలేదు. గుట్ట మీద పెన్సిల్ పట్టుకోలేకపోయాను.

"రాయకుంటే దొరికినట్టు గాదు."

మొదటి పేజీలోని ఖాళీలో తారీఖు రాశాను. "దొరికింది. టేపు నేనే అతికించిన. విజేందర్." ఆయన అద్దాలు పెట్టుకుని, వేలు కింద పెట్టి, ఒక్కో అక్షరం చదివాడు. బుక్కు మూసి పక్కన పెట్టి, గిన్నె నా వైపు జరిపాడు.

"తిను," అన్నాడు. "ఆరేండ్ల సంది సల్లారుతాంది."

నేను తిన్నాను. రెండోసారి వదిన అడగకముందే వడ్డించుకున్నాను.